సారు నోరు తెరిపించిన తిట్టు

నా కఫీల్ అన్నం తింటేనే నాకు వీసా. మాటవరసకు అనడం లేదు, కాగితాల ప్రకారం కూడా అంతే. దుబాయ్‌లో మన వీసా ఎవరి పేరు మీద ఉంటుందో వాళ్లే మన కఫీల్. అందరికీ ఒక కంపెనీయో, ఒక అరబ్బు సేఠో కఫీల్‌గా ఉంటే, నాకు ఎనభై దాటిన ఒక ఇంగ్లిష్ ముసలాయన ఉండేవాడు. ఆయన పోతే నా వీసా కూడా పోతుంది. అందుకని ఆయన పళ్లెంలో ఎంత మిగిలిందన్నది ఆయన కన్న కూతురికంటే నాకే ఎక్కువ పట్టింపుగా ఉండేది.

కరోనా వచ్చిన ఏడాది మా కంపెనీ మూతపడింది. నేను అల్ కుసైస్‌లో మా కంపెనీ కూలీలుండే క్యాంపులో, జ్వరాలకు గోళీలిచ్చి గాయాలకు కట్లు కట్టే గదిలో పనిచేసేవాణ్ణి. అంతకుముందు హైదరాబాద్‌లో ఒక నర్సింగ్ హోంలో వార్డు బాయ్‌ని. రోగికి స్నానం చేయించడం, పక్క మార్చడం, బుజ్జగించి తినిపించడం నా చేతికి అలవాటైన పనులు. ఒకరోజు ముదీర్, అంటే మా మేనేజరు, క్యాంపు గేటు దగ్గరికొచ్చి, మాస్కు కూడా దించకుండా, ఖలాస్, అందరి వీసాలూ క్యాన్సిల్ అని చెప్పి కారెక్కి వెళ్లిపోయాడు. పోదామంటే విమానాలు లేవు, ఉందామంటే కాగితం లేదు. మా జగిత్యాల వాళ్లందరూ గదుల్లో గోడలకు ఆనుకుని ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఊళ్లో ఏం పని చేసి బతకాలో నాకు తెలీదు. పదేళ్లు అక్కడ లేనివాడికి ఊళ్లో పనేముంటుంది?

నన్ను గట్టెక్కించింది ఒక నెల్లూరు భాయ్. కరామాలో బెడ్‌స్పేస్‌లో ఉండేవాడు. బెడ్‌స్పేస్ అంటే గది కాదు, గదిలో ఒక మంచం అద్దెకు. జుమేరాలో ఒక ముసలాయనకు కారు నడిపేవాడు. అతనే ఫోన్ చేశాడు.

"మా ముసిలాయన్ని చూసుకోను మనిషి కావాలంట. పనమ్మాయి విమానాలు ఆగకముందే వాళ్ల దేశం ఎల్లిపోయింది. ఆయనకేమో మతిమరుపు జబ్బు. కూతురు లండన్‌లో కూసోని ఫోన్లోనే ఏడస్తా ఉండాది. నువ్వొస్తావా?"

"వస్త భాయ్. గిప్పుడే రమ్మన్నా వస్త."

ఆ కూతురు వీడియోలో నన్ను చూసి, నా పేరు రెండుసార్లు అడిగి సరిగ్గా పలకడం నేర్చుకుంది. ప్రతి మాటకూ దయచేసి అనేది. నాన్నను నీ చేతుల్లో పెడుతున్నానంది. ఆయన పేరు మీదే నాకు వీసా వేయించింది. పాస్‌పోర్టులో ఆ కాగితం చూసుకున్న రోజు నేను ఆ ఇంటి వంటగదిలో నిలబడి ఏడ్చాను. సంతోషమే, కానీ అలా ఏడవాల్సి వచ్చినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

సారు మంచివాడే అని భాయ్ చెప్పేవాడు. జబ్బు రాకముందు ఇంజనీరుగా చేసి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయాడట. డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగేవాడట. పండక్కి భాయ్ గదిలో వండిన బిర్యానీ తెస్తే చేత్తో తినేవాడట. నేను వెళ్లేసరికి ఆ మనిషి లేడు. భార్య చనిపోయిన సంగతి మర్చిపోయాడు. తర్వాత భార్యనే మర్చిపోయాడు. ఫోన్లో కూతురు కనిపిస్తే మర్యాదగా, ఎవరో తెలియని ఆవిడను పలకరించినట్టు పలకరించేవాడు.

ఆయనకు మిగిలింది టీవీ ఒక్కటే. పాత ఇంగ్లిష్ కామెడీ సీరియళ్ల డిస్కులు ఒక అల్మరా నిండా ఉండేవి. అందులో ఒకటి ఆయనకు ప్రాణం. ఒక బస్సు డిపో క్యాంటీన్ కథ అది. డిపో అధికారి ఒకప్పుడు ఇండియాలో సైన్యంలో చేసినవాడు. క్యాంటీన్‌లో వంటవాడు ఇండియావాడు. ఇండియావాడంటే నిజంగా కాదు, ఒక తెల్లాయన మొహానికి గోధుమరంగు పూసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని నటించాడు. చెవి వెనక రంగు అందలేదు, అక్కడ పాలిపోయిన చర్మం కనపడేది. మొదటిసారి చూసినప్పుడు నా చూపంతా ఆ చెవి వెనకే ఆగిపోయింది. కాస్త రంగు ఎక్కువ తెచ్చుకోలేకపోయారా అనిపించింది.

ప్రతి కథలోనూ ఒకటే తంతు. అధికారి భోజనానికి కూర్చుని బల్ల గుద్దుతాడు. "ఏయ్ నల్లోడా, నా భోజనం ఏదిరా? మళ్లీ ఏ చెట్టెక్కావు?" అని అరుస్తాడు. వంటవాడు తల అటూ ఇటూ ఊపుకుంటూ, చేతులు జోడించి, "దిగుతున్నా సాహిబ్, దిగుతున్నా" అంటూ పరుగెత్తుకొస్తాడు. జనం పగలబడి నవ్వుతారు. ఆ నవ్వేవాళ్లు కనపడరు, నవ్వు మాత్రం వినపడుతుంది. సారు కూడా నవ్వేవాడు. తన పేరు తనకు గుర్తులేని రోజున కూడా అక్కడ నవ్వడం గుర్తుండేది.

నాకు ఇది కొత్త కాదు, అదే నా బాధ. నేను మా యాసను సినిమాల్లో విని పెరిగినవాణ్ణి. తెర మీద ఎవడైనా మాలాగా మాట్లాడాడంటే వాడు రౌడీ అయినా అయ్యుండాలి, తాగుబోతు అయినా అయ్యుండాలి, లేదా తన్నులు తినే పనివాడు. హాల్లో పక్కనున్నవాళ్లు నవ్వితే మేమూ నవ్వేవాళ్లం. పక్కోడు నవ్వుతుంటే మనం మూతి ముడుచుకుని కూర్చుంటే అది మన గురించేనని ఒప్పుకున్నట్టవుతుంది కదా. అందుకని ఈ క్యాంటీన్ వంటవాడు తెర మీదకి రాగానే నేను గదిలో ఏదో సర్దుకుంటున్నట్టు తిరిగేవాణ్ణి.

ఆ చలికాలం సారు తినడం మానేశాడు. ముందు మాంసం వద్దన్నాడు, తర్వాత బ్రెడ్ వద్దన్నాడు, చివరకు సూపు చెంచా నోటి దగ్గరికి తెస్తే పెదాలు బిగించి మొహం తిప్పేసేవాడు. నోట్లో పెట్టింది ఊసేసేవాడు. నాకు తెలిసిన విద్యలన్నీ వాడాను. పాట పెట్టాను, కూతురి ఫోటో చూపించాను, చెంచా ఆయన చేతికే ఇచ్చాను. అది నేల మీద పడేశాడు. ఇంటికొచ్చిన డాక్టరు, ఇలాగే ఉంటే ఆస్పత్రికి తీసుకెళ్లి ముక్కులోంచి గొట్టం వెయ్యాలన్నాడు. ఈ రోజుల్లో ఈ వయసువాళ్లు ఆస్పత్రికి పోతే తిరిగొస్తారన్న ధీమా లేదని కూడా ఆయనే అన్నాడు. సారు కాలర్ ఎముకలు బయటికి తేలుతుంటే నేను నా వీసా చూసుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం సూపు గిన్నె పట్టుకుని ఆయన ముందు కూర్చున్నాను. టీవీలో అదే సీరియల్. అధికారి బల్ల గుద్దాడు. సారు టీవీ వైపు నుంచి నా వైపు తిరిగాడు. వేలు చూపించి, స్పష్టంగా, ఆ మాటలే నన్ను అన్నాడు. నల్లోడా అన్నాడు. ఏ చెట్టెక్కావన్నాడు.

పొద్దుటి నుంచి ఆయన ఊసిన సూపు నా చొక్కా మీద ఆరిపోయి ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. భుజం మీదున్న తువ్వాలు తీసి తలకు చుట్టాను. వెక్కిరించాలనే చుట్టాను. తల ఊపి, చేతులు జోడించి, "దిగుతున్నా సాహిబ్, దిగుతున్నా" అని ఆ దొంగ ఇండియావాడి గొంతుతో అన్నాను. చూడు, నువ్విది చూసి నవ్వుతావు కదా, నన్నూ చూడు అన్నట్టు అన్నాను.

సారు మొహం విప్పారింది. నవ్వాడు. నోరు తెరిచాడు. నేను చెంచా పెట్టాను, మింగాడు. ఇంకో చెంచాకు మళ్లీ తెరిచాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా నేను తువ్వాలు తీయలేదు. తర్వాత వంటగదిలోకి వెళ్లి నల్లా తిప్పి చాలాసేపు మొహం కడుక్కున్నాను. ప్రాణం లేచొచ్చినట్టుంది, దాంతోపాటే తల కొట్టేసినట్టుంది. ఏది ముందో నాకు అంతు చిక్కలేదు.

ఆ రోజు నుంచి అదే మా పద్ధతి. టీవీ పెట్టాలి, తువ్వాలు చుట్టాలి, ఆయన తిట్టాలి, నేను దిగాలి, అప్పుడే ముద్ద దిగుతుంది. తువ్వాలు లేకపోతే తినడు. తల ఊపకపోతే తినడు. మాటలు మార్చి చూశాను, పనిచెయ్యలేదు. మామూలుగా గౌరవంగా, సార్ భోజనం అంటే నన్ను గోడను చూసినట్టు చూసేవాడు. ఆయనకు ఒంట్లోకి కాస్త కండ వచ్చింది. డాక్టరు నన్ను మెచ్చుకున్నాడు, ఏం మందు వేశావని అడిగాడు. ఓపిక అని చెప్పాను.

ఒకరోజు భాయ్ మందులు తెచ్చి గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. నేను గిన్నె పట్టుకుని బయటికొచ్చాక నన్ను గోడవైపు లాగాడు.

"ఏందబ్బా ఇది? తలకి టవలు చుట్టుకోని కోతి మాదిరి ఆ ఊపుడేంది? నీకు సిగ్గనిపించడంలా?"

"అనిపిస్తంది. అయితే ఏం జెయ్యాలె చెప్పు. నీకు జీతం ఇచ్చేది గూడ గా నోరే గదా భాయ్, మూసుకుంటే ఇద్దరం పోతం."

భాయ్ మందుల సంచి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత భోజనం వేళకు ఇంట్లోకి రావడం మానుకున్నాడు.

నన్ను ఎక్కువ కోసింది తిట్టు కాదు. తిట్టు రోజూ వింటే అరిగిపోతుంది. ఈ మనిషి బుర్రలోంచి పెళ్లాం పోయింది, బిడ్డ పోయింది, భాయ్ తెచ్చిన బిర్యానీ పోయింది, కట్టిన వంతెనలు పోయాయి. ఇది ఒక్కటి పోలేదు. ఎవరో డబ్బుకు రాసిన జోకు, ఎవరో రంగు పూసుకుని వేసిన వేషం, అన్నిటికంటే అడుగున పాతుకుపోయింది. మనిషిలో చివరికి మిగిలేది ఇదేనా అని నాకు భయం వేసేది. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ, ఏం పని చేస్తున్నావని అడిగేది. ముసలాయనకు తినిపిస్త అని చెప్పేవాణ్ణి. అబద్ధం కాదు.

విమానాలు మామూలుగా తిరగడం మొదలయ్యాక కూతురు వచ్చింది. ఆమె వస్తుందని తెలిసిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. ఆమె ముందు ఆ వేషం ఎలా వెయ్యాలి? వెయ్యకపోతే ఆయన తినడు. నేను భయపడ్డట్టే అయింది. ఆమె పక్కన కూర్చుని స్వయంగా వండిన కూర చెంచాతో తెచ్చి, నాన్నా, నాన్నా అంటుంటే ఆయన పెదాలు బిగించేశాడు. మర్నాడూ అంతే. ఆమె నావైపు చూసి, నువ్వెలా తినిపిస్తున్నావు ఇన్నాళ్లూ అని అడిగింది. ఏడుస్తూ అడిగింది. ఆయన పెదాలు ఎండి పగుళ్లిచ్చాయి. ఇక దాచి లాభం లేదనుకున్నాను.

డిస్కు పెట్టాను. తువ్వాలు చుట్టాను. సారు నన్ను చూడగానే తిట్టాడు, రెండు రోజులుగా ఆకలితో ఉన్నాడేమో గట్టిగా తిట్టాడు. నేను దిగాను. ఆయన గిన్నె నాకినంత పని చేశాడు.

వెనక్కి తిరిగితే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకు అంటుకుపోయి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. గబగబా వెళ్లి టీవీ వైరు గోడలోంచి పీకేసింది. నన్ను వంటగదిలోకి పిలిచి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"నన్ను క్షమించు. మా నాన్న తరఫున, నా తరఫున. ఎన్నాళ్ల నుంచి జరుగుతోంది ఇది?"

"నాకేం బాధ లేదు మేడం. సారు తింటున్నారు, అది చాలు."

"అలా అనకు. ఆ మాట నువ్వు అనాల్సి రావడమే ఘోరం." ఆమె నా చేతులు వదిలేసింది. "చిన్నప్పుడు నేను కూడా నవ్వేదాన్ని. ఆయన ఒళ్లో కూర్చుని చూసేదాన్ని. ఆ మాటలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఈ ఇంట్లో ఇంకెప్పుడూ అవి వినపడకూడదు."

ఆ సాయంత్రమే డిస్కులన్నీ సంచుల్లో వేసి చెత్తబండికి ఇచ్చేసింది. నేను మెట్ల మీద కూర్చుని ఆ బండి పోవడం చూశాను. ఆమెను ఎలా తప్పు పట్టను? నా జన్మలో ఒక తెల్లావిడ నా కోసం ఏడ్చింది అదే మొదటిసారి. నాకు జరుగుతున్నది తప్పని చెప్పినావిడ కూడా ఆమే. ఆ మాట కోసం నేను ఎన్నాళ్లుగా ఎదురుచూశానో అది విన్నాకే తెలిసింది. కానీ దాన్ని తింటే సారు కడుపు నిండదు కదా.

డిస్కులు లేకపోయినా తువ్వాలుంది, నేనున్నాను, నన్ను చెయ్యనివ్వండి అని బతిమాలాను. కాళ్లావేళ్లా పడ్డాను. ఆమె వినలేదు. సారు నన్ను చూసిన ప్రతిసారీ ఆ తిట్టు తిట్టేవాడు, నన్ను చూస్తేనే ఆయనకు అది గుర్తొస్తోందని ఆమెకు అనిపించింది. ఏజెన్సీ నుంచి ఒక తెల్ల నర్సును పెట్టింది. నన్ను పిలిచి చాలా మెల్లగా, చాలా ప్రేమగా చెప్పింది. నిన్ను ఈ నరకంలో ఉంచలేను, నీకు గౌరవం దొరికే చోట పని చూసుకో, నాకు తెలిసినవాళ్లందరికీ నీ గురించి చెబుతానంది. నా వీసా క్యాన్సిల్ చేయించింది.

ముదీర్ అన్న ఖలాస్‌కూ ఈమె అన్నదానికీ తేడా ఏమిటంటే, ముదీర్‌ను నేను తిట్టుకోగలిగాను. ఈమెను తిట్టుకోను కూడా లేకపోయాను. నన్ను అవమానించిన మనిషి నాకు అన్నం పెట్టాడు, నన్ను గౌరవించిన మనిషి నా కంచం తీసేసింది. ఎవరితో చెప్పుకోను? భాయ్‌తో చెబితే, నీకు జరగాల్సిందే జరిగిందిలే అని మొహం తిప్పుకున్నాడు. ఆ మొహంలో కూడా జాలే ఉంది. జాలిపడేవాళ్లు ఎక్కువయ్యారు, పనిచ్చేవాళ్లే లేరు.

కరామాలో భాయ్ గదిలోనే పై మంచం ఖాళీ అయితే అందులో చేరాను. వీసా పోయాక కొత్త పని వెతుక్కోవడానికి ఇచ్చే గడువు కరిగిపోతోంది. ఆస్పత్రులు తిరిగాను, ఏజెన్సీలు తిరిగాను, బర్ దుబాయ్‌లో బట్టల దుకాణాల్లో కూడా అడిగాను. అందరూ ఫోన్ చేస్తామన్నారు. గడువు దాటితే జరిమానా, తర్వాత పోలీసు, తర్వాత ఊరు. ఊరు అనే మాట తలుచుకుంటే నోట్లో ముద్ద దిగేది కాదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, గదిలో అందరం కింద పేపరు పరుచుకుని భోజనాలు చేస్తుంటే ఆమె దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది. నాన్న అస్సలు ముట్టడం లేదు అంది. నర్సు వల్ల కాలేదు, గొట్టం పెడితే పీకేసుకున్నాడు, ఇప్పుడు మాట కూడా లేదు, కళ్లు మాత్రం తెరిచి ఉన్నాయంది. ఫోన్ స్పీకర్లో పెట్టి ఆయన చెవి దగ్గర ఉంచానంది. నువ్వు అనేదేదో అను, దయచేసి అను అంది.

నేను అన్నం చేత్తోనే లేచి నిలబడ్డాను. గదిలో ఎనిమిది మంది మనవాళ్లు నావైపే చూస్తున్నారు. భాయ్ తల వంచుకున్నాడు. నేను గట్టిగా, ఆ గొంతుతోనే, దిగుతున్నా సాహిబ్ అన్నాను. ఫోన్లో ఏమీ వినపడలేదు. మళ్లీ అన్నాను. అప్పుడు నాకు అర్థమైంది. ఆయన తిడితేనే నేను దిగేది. తిట్టేవాడికి మాట పడిపోయింది. తిట్టు లేకుండా నా జవాబుకు విలువ లేదు.

"మేడం, మీరు తిట్టాలె. సారు తిట్టినట్టు తిట్టండి. అప్పుడు నేనంట."

"నేనా? నిన్నా? నావల్ల కాదు."

"అనండి మేడం. సారు నోరు తెరవాలె."

చివరకు ఆమె అంది. గొణిగినట్టు, ఏడుపు మధ్యలో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ నన్ను నల్లోడా అంది. నేను దిగుతున్నానన్నాను. చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు వినిపించింది. నోరు తెరవలేదు అని ఆమె అంది.

"అట్ల కాదు మేడం. కోపంగా. బల్ల గుద్ది అరవాలె. టీవీల ఎట్ల అంటడో అట్ల."

ఈసారి ఆమె ఏడుపు ఆపుకుంది. అవతల దేన్నో గట్టిగా గుద్దిన చప్పుడైంది. చిన్నప్పుడు తండ్రి ఒళ్లో కూర్చుని విన్న మాటలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా, అదే విరుపుతో, అదే అహంకారంతో వచ్చాయి. నేను చేతులు జోడించి, ఆమెకు కనపడనని తెలిసి కూడా తల ఊపుతూ, దిగుతున్నా సాహిబ్, దిగుతున్నా అన్నాను.

"తెరిచారా మేడం?"

"లేదు," అంది. ఊపిరి తీసుకుంది. "ఇంకోసారి తిడతాను. నువ్వు ఫోన్ పెట్టకు."

పెట్టనని చెప్పాను.